చివరి ‘ఉ’ తీసేయ్, అమ్మమ్మా

మా అమ్మాయి వాళ్ళుండే ఊరు రీడింగ్ అనే చాలాకాలం అనుకున్నాను. లండన్‌కి పడమటగా, రైల్లో అరగంట దూరం. కవరు మీద అడ్రసు రాసినప్పుడల్లా ఇంగ్లీషులో ‘చదవడం’ అనే మాటకి ఏ స్పెల్లింగో అదే రాసేదాన్ని. 2022 సెప్టెంబరులో అమ్మాయి రెండో కాన్పుకి వెళ్ళినప్పుడు, హీత్రూ నుంచి కార్లో వస్తుంటే దారిలో బోర్డు కనిపించింది. “రీడింగ్ వచ్చేసినట్టుందే” అన్నాను. “రెడింగ్ అత్తయ్యగారూ” అన్నారు అల్లుడుగారు. “అదేంటి బాబూ, అక్షరాలు అవే కదా?” అంటే, “ఇక్కడింతేనండీ” అని నవ్వేశారు.

ముప్ఫై నాలుగేళ్ళు తెనాలి చుట్టుపక్కల మండల పరిషత్తు బళ్ళలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకి అక్షరాలు దిద్దించి, 2019లో రిటైరైనదాన్ని. రాసింది రాసినట్టే చదవాలి, పలికింది పలికినట్టే రాయాలి అని ఎన్ని వందలమందికి చెప్పి ఉంటానో. ఆ మాట చెల్లని చోటికి వచ్చానని ఆ బోర్డు దగ్గరే తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు. మనవరాలికి చదువు నేను చెప్తాలే అని అమ్మాయికి మాట కూడా ఇచ్చేశాను.

ఆ నెలలోనే అది బళ్ళో చేరింది. నాలుగేళ్ళు నిండాయంతే. ఆ క్లాసుని రిసెప్షన్ అంటారు. నాకైతే హోటల్లో తాళాలిచ్చే కౌంటరే గుర్తొచ్చింది. రెండు మూడు వారాలకి ఒక చిన్న కాగితం తెచ్చింది. దాని మీద నాలుగే అక్షరాలు: ఎస్, ఏ, టీ, పీ. ఏబీసీడీల వరస ఏమైపోయిందో నాకర్థం కాలేదు. సరే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటిదాని మీద వేలు పెట్టి, “ఇదేంటి బంగారం?” అన్నాను.

చెయ్యి పాములా మెలికలు తిప్పుతూ “స్స్స్స్” అంది.

“కాదమ్మా, ఎస్.”

“కాదు అమ్మమ్మా. స్స్స్స్.”

పోనీలే, బళ్ళో ఏదో ఆట నేర్పారనుకున్నాను. పీ దగ్గరికొచ్చాం. వేలు కొవ్వొత్తిలా నిలబెట్టి, దాన్ని ఆర్పుతున్నట్టు ఊదుతూ “ప్” అంది. ఈసారి నేను తెలివైనదాన్నయ్యాను కదా, “ప” అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. “ప కాదు. ప్. చివర ఇంకోటి అనకు అమ్మమ్మా.”

ఆ రాత్రి పడుకుని చీకట్లో ‘ప్’ అని అనుకుని చూశాను. ఒంటరిగా రావడం లేదు. ‘ప’ వస్తోంది, లేదా ‘పు’ వస్తోంది. అరవై మూడేళ్ళుగా నోటికి పట్టిన అలవాటు. మనది అజంత భాష అని ట్రైనింగులో చదువుకున్నాను (అజంతా గుహలతో సంబంధం లేదు, అచ్చుతో అంతమయ్యేది అని). ‘పుస్తకం’ లాంటి సున్నా మాటలు పక్కన పెడితే, మాట చివర అచ్చు పలక్కపోతే మనకి ఊపిరి సరిగా వదిలినట్టుండదు. బస్ అని ఊరుకోం, బస్సు. పెన్ కాదు, పెన్ను. కప్ కాదు, కప్పు. ఏ ఇంగ్లీషు మాటైనా మన ఇంటికొస్తే గుమ్మం దగ్గరే ఒక ‘ఉ’ తగిలించి లోపలికి పంపుతాం.

ఇది మామూలుగా ఎవరికీ అడ్డం రాదు. చదవడం నేర్చుకునే పిల్లకి మాత్రం వస్తుంది. బీ, ఏ, టీ అనే పేర్లు గబగబా కలిపి అనండి. బీయేటీ. అందులో బ్యాట్ ఎక్కడుంది? సరే, పేర్లొద్దు, శబ్దాలే చెబుదామని ‘బ, యా, ట’ అన్నామనుకోండి, కలిపితే ‘బయాట’ వస్తుంది. అప్పుడూ బ్యాట్ లేదు. బ్, మధ్యలో ఆ అచ్చు, ట్. ముందూ వెనకా ఏ తోకా లేకుండా అంటేనే మూడూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అక్షరాల పేర్లకి బదులు శబ్దాలు నేర్పి, వాటిని కలిపి చదివించే ఈ పద్ధతినే ఫోనిక్స్ అంటారు. నాకు అర్థమైనంతలో అందులో ముప్పాతిక వంతు ఇదే.

పరిష్కారం కోసం దూరం పోనక్కర్లేకపోయింది. పొల్లు ఉందిగా మనకి. పద్యాల్లో ‘వచ్చెన్’, ‘పలికెన్’ అని నకారప్పొల్లు పలకలేదూ? మర్నాడు ఆ కాగితం మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం కింద పెన్సిలుతో స్, ట్, ప్ అని నా కోసం రాసుకున్నాను. అమ్మాయి చూసి, “అమ్మా, వాళ్ళు దానికి ఇంగ్లీషు చెప్తున్నారా, నీకు తెలుగు చెప్తున్నారా?” అంది.

నిజం చెప్పాలంటే రెండోదే. తర్వాతి వారం ఐ, ఎన్ వచ్చాయి. ఆరు అక్షరాలతోనే ట్యాప్, ప్యాన్, పిన్, టిన్, న్యాప్, స్పిన్ అని బోలెడు మాటలు. వరస ఎందుకు తప్పించారో అప్పుడు వెలిగింది. ఏ నుంచి జెడ్ దాకా అన్నీ వచ్చేవరకు ఆగి అప్పుడు చదవడం కాదు, ఆరు రాగానే చదవడం. మా అల్లుడుగారు చెప్పిన దాని ప్రకారం ఇది అక్కడా ఎప్పటినుంచో ఉన్న పద్ధతేం కాదు. 2006లో జిమ్ రోజ్ అనే ఆయన ఇచ్చిన నివేదిక తర్వాత ఇంగ్లండ్ బళ్ళు గట్టిగా ఈ దారి పట్టాయి. అంతకు ముందు బొమ్మ చూసి, కథ చూసి మాట ఏమై ఉంటుందో ఊహించమనేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట.

శబ్దాలు కలపడాన్ని బ్లెండింగ్ అంటారు. ‘ప్, ఇ, న్’ అని విడివిడిగా అని, పిన్ అని కలపడం. అది చేస్తుంటే చూసి నాకు ముందు గర్వం వచ్చింది, ఇది మన గుణింతమే కదా అని. తర్వాత సిగ్గేసింది. ‘కకు గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ’ అని నేను పాడించినంత గట్టిగా మా మండలంలో ఎవరూ పాడించి ఉండరు. పిల్లలు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పేవాళ్ళు. బోర్డు మీద విడిగా ‘మి’ అని రాసి ఇదేంట్రా అంటే, వేళ్ళు మడుస్తూ ‘మ, మా, మి’ అని మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చేవాళ్ళు. మ్ వచ్చి ఇ తో కలిసింది కాబట్టి మి అయింది అని వాళ్ళకి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, నేను చెప్పలేదు. గుడి, కొమ్ము, ఎత్వం అని గీతల పేర్లు చెప్పాను. నోట్లో ఏం జరుగుతోందో చెప్పలేదు.

మన పిల్లలకి అక్షరాల్ని విడగొట్టడం చేతకాక కాదు. చిన్నప్పుడు మేం పెద్దవాళ్ళకి తెలియకుండా క-భాష మాట్లాడుకునేవాళ్ళం. ‘కనుకవ్వు కరా’ అంటే నువ్వు రా అని. ఎంత వేగంగా మాట్లాడేవాళ్ళమో! కానీ చూడండి, అక్కడ మేం విడగొట్టింది నువ్వుని ‘ను, వ్వు’ అనే. ‘న్, ఉ’ దాకా వెళ్ళలేదు. మన చెవికి అక్షరమే ఆఖరి మెట్టు. ఇంగ్లీషు చదవాలంటే ఇంకో మెట్టు దిగాలి.

అచ్చుల్లో ఒక్కటే నన్ను బాగా ఏడిపించింది. ఇంగ్లీషు ‘ఏ’ అనే అక్షరానికి వాళ్ళు మొదట నేర్పే శబ్దం. మోచేతి మీద చీమలు పాకుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూ అంటారు. క్యాట్‌లో, బ్యాట్‌లో ఉండేది. మన వర్ణమాల 56 అక్షరాల్లో దానికి చోటు లేదు, అందుకే య వత్తు అరువు తెచ్చుకుని రాస్తాం. రాతలో లేదు గానీ నోట్లో లేదా అని ఆలోచిస్తే, మేక దొరికింది. ‘మేక’ అని ఒకసారి పైకి అనండి. తర్వాత గోడకి కొట్టే ‘మేకు’ అనండి. రెండిటిలో ‘మే’ ఒకటేనా? మా గుంటూరు వైపు కాదు. మేకలో నోరు బాగా తెరుచుకుంటుంది, మేకులో తెరుచుకోదు. ఆ మేకలో ఉన్నదాన్నే కాస్త కురచ చేస్తే క్యాట్‌లోది. మా ఇంట్లో దానికి ‘మేక శబ్దం’ అని పేరు పెట్టాం. వాళ్ళ టీచరుకి మనవరాలు ఏమని చెప్పిందో గానీ, ఒకరోజు నేను తీసుకురావడానికి వెళ్తే ఆవిడ నన్ను చూసి “మేక!” అని నవ్వుతూ చెయ్యి ఊపింది. పక్కన తెలుగువాళ్ళెవరూ లేరు, బతికిపోయాను.

హల్లుల్లో వింత పీ. మనవరాలి ‘పిన్’, నా ‘పిన్’ ఒకేలా లేవని చెవికి తెలుస్తోంది, తేడా ఏంటో తెలియడం లేదు. చివరికి టిష్యూ కాగితం ముక్క ఒకటి పెదాల ముందు వేలాడదీసి పట్టుకున్నాం. అది పిన్ అంటే కాగితం ఎగిరింది. నేనంటే కదల్లేదు. అంటే వాళ్ళు మాట మొదట్లో పలికేది మన ప కాదు, మన ఒత్తు ఫకి దగ్గర. ఫ్యాన్‌లో ఎఫ్ కాదు, పురోహితుడు మంత్రంలో ‘ఫలం’ అనేటప్పుడు వచ్చేది. తమాషా ఏంటంటే, ‘స్పిన్’ అనమంటే దాని కాగితం కూడా కదల్లేదు. ముందు ఎస్ వస్తే ఆ గాలి రాదు. ఇది ఏ ఇంగ్లీషు పిల్లకీ ఎవరూ చెప్పరు, ఏ పిల్లా తప్పదు. ఒత్తులు రాయకుండానే పలికేస్తున్నారు కదా అని, ఒత్తుల కోసం పిల్లల చేత యాభైసార్లు రాయించిన నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. వీ, డబ్ల్యూల గురించి చెప్పను. రెండూ నాకు ‘వ’నే. ఇప్పటికీ మనవరాలు ఆ విషయంలో నన్ను ఫెయిల్ చేస్తూనే ఉంది.

2023 మార్చిలో తెనాలి వచ్చేశాను.

మా అపార్టుమెంటులో నాలుగిళ్ళలో పనిచేసే అమ్మాయికి ఒక కొడుకు. అప్పుడే ఒకటో తరగతి అయిపోయింది, ఇంగ్లీషు మీడియం. “పంతులమ్మగారూ, ఏబీసీడీలన్నీ వచ్చండీ వీడికి, పుస్తకం మాత్రం చదవలేకపోతన్నాడు. ఈ సెలవల్లో కాస్త చూడండి” అని తీసుకొచ్చింది. కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి, “బీ ఏ టీ బ్యాట్, సీ ఏ టీ క్యాట్, ఆర్ ఏ టీ ర్యాట్” అని ఊపిరి తీసుకోకుండా ఒక పేజీ అప్పజెప్పాడు. నేను పలక మీద పీ, ఏ, టీ రాసి చూపించాను. “పీ ఏ టీ...” అన్నాడు. ఆగాడు. “అది మాకింకా చెప్పలేదండీ” అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. వాడికి బ్యాట్ అనేది చదవాల్సిన మాట కాదు, ఎవరో చెబితే దాచుకోవాల్సిన వస్తువు. ఇలా దాచుకుంటూ పోతే ఎన్ని వేలు దాచుకోవాలి?

ఇంట్లో పాత శుభలేఖలు ఒక సంచీడు ఉన్నాయి. మంచి దళసరి అట్ట, వెనకంతా తెల్లగా ఉంటుంది. పారేయబుద్ధి కాదు, ఉంచి ఏం చేయాలో తెలియదు. వాటిని చీటీలుగా కత్తిరించి స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాశాను. ఇంగ్లండులో మాట కింద ఒక్కో శబ్దానికి ఒక్కో చుక్క పెడతారు, దాన్ని నొక్కుతూ చదవాలి. మేం చింతగింజలు పెట్టుకున్నాం. మూడు అక్షరాలు, కింద మూడు గింజలు. ఒక్కో గింజ మీద వేలు పెట్టి ఒక్కో శబ్దం అనాలి, తర్వాత మూడు గింజలూ ఒక్క ఊపులో పక్కకి తోసేస్తూ మాట అనాలి.

ఎనిమిది రోజులు ఏమీ జరగలేదు. “ట్... యా... ప్” అని చక్కగా అంటాడు, గింజలు తోస్తాడు, నా మొహం చూసి “బ్యాట్!” అంటాడు. విడగొట్టడం వచ్చింది, అతకడం రాలేదు. అతకాల్సిన చోట తెలిసిన మాట ఒకటి పెట్టేస్తున్నాడు. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. ట్, ప్ లాంటివి సాగవు. అనగానే తెగిపోతాయి. తెగిపోయినదాన్ని పిల్లాడు దేనితో అతుకుతాడు? మ్, న్, స్ అలా కాదు, ఊపిరున్నంతసేపు లాగొచ్చు. తొమ్మిదో రోజు ట్యాప్ తీసేసి మ్యాన్ పెట్టాను. మధ్యలో ఆగొద్దురా, పాటలా లాగు అన్నాను. “మ్మ్మ్మ్‌యాాాన్న్న్” అని లాగాడు. లాగుతూ లాగుతూ ఆగిపోయి, “మ్యాన్ అండీ! స్పైడర్ మ్యానులో మ్యాను!” అన్నాడు. వాళ్ళమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ ఏమైందో అని పరిగెత్తుకొచ్చింది.

చివరి ‘ఉ’ మాత్రం వదల్లేదు. పిన్ అని రాస్తే పిన్ను అని చదువుతాడు. వాడి తప్పేముంది, వాడి చుట్టూ అందరూ పిన్ను అనే అంటారు కదా? కానీ రాయమంటే చివర ‘యు’ తగిలిస్తున్నాడు. అందుకని ఒక ఆట పెట్టాం. నేను మన మాట అంటాను, వాడు చివరి ఉ తీసేయాలి. బస్సు? బస్. పెన్ను? పెన్. కప్పు? కప్. బ్యాగు, బ్యాగ్. ఫ్యాను, ఫ్యాన్. ఇంగ్లీషు రాదు రాదు అనుకున్న పిల్లాడికి ఒక్క మధ్యాహ్నంలో నలభై ఇంగ్లీషు మాటలు అప్పటికే వచ్చని తేలింది. అన్నీ ఇంట్లోవే, అర్థాలు చెప్పాల్సిన పని లేనివే. ఆటలో ఊపొచ్చి వాడే అడగడం మొదలుపెట్టాడు. “పప్పు అండీ? పప్!” పకపకా నవ్వాడు. పప్ అనే మాట నిజంగానే ఉందిరా, కుక్కపిల్ల అని అర్థం అంటే నమ్మలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి వాళ్ళమ్మని కుక్కపిల్ల కూర వండమన్నాడట.

ఈ ఆటలోనే నాకో సంగతి కనపడింది. బస్సు, పెన్ను, కప్పు, పిన్ను వీటిలో హల్లు రెట్టించాం. కారు, ఫోను, టైము, లైను వీటిలో రెట్టించలేదు. ముందున్న అచ్చు పొట్టిదైతే రెట్టింపు, పొడుగుదైతే ఒకటే. ఎవరూ చెప్పకుండా తెలుగువాళ్ళందరం అలాగే చేస్తాం. ఇంగ్లీషువాళ్ళు సరిగ్గా ఇదే రాతలో చేస్తారు. సిట్టింగ్‌లో టీలు రెండు, బైటింగ్‌లో టీ ఒకటే. స్పెల్లింగు రూలు అని మనం బట్టీ పట్టేది మన నాలుకకి ఎప్పుడో తెలుసు.

జూన్‌లో బడి తెరిచాక గొడవొచ్చింది. క్లాసులో ‘ఎస్’ చూపించి ఇదేంటని అడిగితే మావాడు చెయ్యి మెలికలు తిప్పుతూ స్స్స్ అన్నాడు. పిల్లలంతా నవ్వారు, టీచరు వెక్కిరిస్తున్నాడనుకుని నిలబెట్టింది. సాయంత్రం వాళ్ళమ్మ మొహం మాడ్చుకుని వచ్చింది. “అక్కడొకటి, ఇక్కడొకటి. వాడికి కన్‌ఫ్యూజన్ అయిపోతందండీ.” ఆవిడ టెన్షన్ ఆవిడది. వాణ్ణే కూర్చోబెట్టి అడిగాను, “మీ వీధి చివర కుక్క పేరేంట్రా?” “టామీ అండీ.” “అది ‘టామీ, టామీ’ అని అరుస్తుందా?” “లేదండీ, భౌ అంటది.” “దీని పేరు ఎస్. అరుపు స్స్స్. టీచరు పేరు అడిగితే పేరు చెప్పు. చదివేటప్పుడు అరుపు అను.” అంతే, మళ్ళీ ఎప్పుడూ తడబడలేదు.

తడబడింది నేనే, ఇంకో చోట. ఆగస్టుకల్లా మూడక్షరాల మాట ఏది పెట్టినా చదివేస్తున్నాడు. విగ్, మాప్, లాగ్, రగ్. ఒక్క తప్పు లేదు. అంటే ఏంట్రా అంటే ఒక్కటీ తెలియదు. మనవరాలికి ‘రగ్’ అని చదవగానే సోఫా ముందు పరిచింది కనపడుతుంది, ఎందుకంటే ఆ మాట దాని చెవిలో ముందే ఉంది. వీడికి లేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్తే ఖాళీ గది. ఈ మధ్య మా ఊళ్ళో కూడా ఫోనిక్స్ క్లాసులని ఫ్లెక్సీలు కనపడుతున్నాయి. మా కింది ఫ్లాటు పాప వెళ్ళేచోట ‘బ ఫర్ బాల్, మ ఫర్ మ్యాంగో’ అని డ్యాన్సుతో సహా నేర్పుతున్నారు. పాత పాటకి కొత్త ట్యూను. ఫీజు అడిగి కళ్ళు తిరిగాయి. బాగా నేర్పేవాళ్ళూ ఉంటారు, కాదనను. కానీ ఎంత బాగా నేర్పినా ఫోనిక్స్ ఇచ్చేది తాళంచెవే. ఆ గదిలో సామాన్లు కథలతో, కబుర్లతో, మాటలతో మనం సర్దాల్సిందే. అందుకే వాడికి తెలుగులో కథ చదివి వినిపించడం మానలేదు. ఫోనిక్స్ అరగంట, కథ అరగంట.

ఇక ద, సెడ్, వాజ్, వన్ లాంటి మాటలున్నాయి. వాటిలో ఏదో ఒక ముక్కకి మనం నేర్చుకున్న శబ్దం సరిగా అతకదు. వాటిని అక్కడ ట్రికీ వర్డ్స్ అంటారు. అతికినంత వరకు చదివి, అతకని ముక్కని గుర్తుపెట్టుకోవాలి, అంతే. 26 అక్షరాలతో దాదాపు 44 శబ్దాలు పలికే భాష, ఎక్కడో అక్కడ పిగులుతుంది మరి. వాడు “ఇదెందుకండీ ఇలా?” అన్నప్పుడల్లా నాకు ఆ హీత్రూ దారిలో బోర్డే గుర్తొచ్చేది. “అక్కడింతేరా” అనేదాన్ని.

2024 వేసవికి మళ్ళీ వెళ్ళాను. అప్పటికి మనవరాలు ఒకటో క్లాసు. చదువులో నన్ను దాటిపోయింది. ఐ, జీ, హెచ్ మూడూ కలిసి ఒకే శబ్దమిస్తే దాన్ని ట్రైగ్రాఫ్ అంటారని, మనవాళ్ళు గుడి దీర్ఘం అన్నంత తేలిగ్గా చెబుతోంది. జూన్‌లో వాళ్ళకి ఒక పరీక్ష ఉంటుంది, 2012 నుంచి ఇంగ్లండులో ఆ వయసు పిల్లలకి పెడుతున్నారు. టీచరు ఒక్కో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని 40 మాటలు చదివిస్తుంది. అందులో 20 అసలు మాటలే కావు. ఎక్కడా లేని, అర్థం లేని ఉత్తుత్తి మాటలు. వాటి పక్కన ఒక గ్రహాంతరవాసి బొమ్మ ఉంటుంది, ఇది దాని పేరనుకో అని.

ఇంటికొచ్చిన ప్రాక్టీసు కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది. పిల్లలకి అర్థం లేని మాటలు చదివించడమేంటి, సరస్వతికి అపచారం కాదూ? అమ్మాయితో వాదించాను కూడా. అంతలో పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. నా మొదటి బళ్ళో ఒక పిల్ల పాఠం గడగడా చదివేది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఎంతో మెచ్చుకుని, దగ్గరికి పిలిచి ఆ పిల్ల చేతిలో పుస్తకం చూశాడు. తలకిందులుగా ఉంది. ఆ వేళ నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉత్తుత్తి మాట పెట్టి ఉంటే నాకు జూన్‌లోనే తెలిసిపోయేది. బట్టీ పట్టడానికి అది ఎక్కడా దొరకదు కదా. కాగితం తీసుకుని మనవరాలి పక్కన కూర్చున్నాను. అది నన్ను కూడా చదవమంది. వీతో మొదలైన గ్రహాంతరవాసి దగ్గర మళ్ళీ ఫెయిలయ్యాను.

40కి 32 వస్తే సరిపోతుందన్నారు. దానికి 38 వచ్చాయి. కుర్రాడు ఇప్పుడు మూడో తరగతి, మెట్ల మీద కూర్చుని కరెంటు బిల్లు మీద ఇంగ్లీషు కూడా చదివిపెడుతున్నాడు అందరికీ.

ఇప్పుడు ఆదివారాలు వాట్సాప్‌లో మనవరాలికి తెలుగు చెప్తున్నాను. మొదటి రోజు ‘క’ రాసి కెమెరాకి చూపించాను. “క్” అంది.

“కాదు బంగారం, క.”

“చివర అ అనొద్దు అమ్మమ్మా.”

“ఇందులో అ ఉంది తల్లీ. నెత్తి మీద టిక్కు మార్కులా ఉంది చూడు, అదే అ. తలకట్టు అంటారు. ఇ వస్తే దాన్ని తీసేసి గుడి పెడతాం.” ఇన్నేళ్ళలో తలకట్టుని నేనిలా ఎవరికీ చెప్పలేదు. దానికి తెగ నచ్చింది. గ, త, న, మ అన్నిటి మీదా తలకట్టు వెతికి ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. పోయిన ఆదివారం ‘బ’ దగ్గరికొచ్చాం. పెన్సిలు ఆగింది.

“దీనికి టిక్ లేదు. అ ఎక్కడుంది?”

కళ్ళజోడు సవరించుకుని చూశాను. బకి లేదు. జకి లేదు. టకి, ణకి, లకి లేదు. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ బోర్డు మీద రాశాను. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

“ట్రికీనా అమ్మమ్మా?”

“ట్రికీయే” అన్నాను.

అది నోట్సులో ‘బ’ పక్కన మూడు కళ్ళ గ్రహాంతరవాసిని ఒకదాన్ని వేసుకుని, “నెక్స్ట్” అంది.